బ్లాకులు అవే, రిపోర్టులు రెండు: తెలుగు రాష్ట్రాల పాథాలజిస్టులకు ఒక టీచర్ బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రోగుల ముక్కలను మైక్రోస్కోప్ కింద చూసి రిపోర్ట్ రాస్తున్న పాథాలజిస్టులకు, మెడికల్ కాలేజీల పాథాలజీ ప్రొఫెసర్లకు నమస్కారం.

నేను డాక్టర్ని కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మీలో కొంతమంది జీర్ణవ్యవస్థ పటాన్ని మొదటిసారి నాలాంటి టీచర్ల ముందే గీసి ఉంటారు. ఆ చనువుతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా తమ్ముడికి యాభై మూడేళ్ళు. దాదాపు ఏడాదిపాటు రక్తం పడుతుంటే మొలలే అనుకుని ఆయింట్‌మెంట్లతో, నాటుమందుతో నెట్టుకొచ్చాడు. చివరికి కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగు కిందిభాగంలో, సిగ్మాయిడ్ దగ్గర గడ్డ కనిపించింది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. మా దగ్గరి పట్నంలోనే ఆపరేషన్ చేశారు, బాగా చేశారు. తీసిన పేగును ప్లాస్టిక్ డబ్బాలో ఫార్మలిన్ పోసి మా చేతికిచ్చి, ల్యాబ్‌లో ఇచ్చి రమ్మన్నారు. ఆ డబ్బా పట్టుకుని ఆటోలో కూర్చున్నది నేనే.

పన్నెండు రోజులకు రిపోర్ట్ వచ్చింది. టీ3, ఎన్0. గడ్డ పేగు కండరం దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి వచ్చింది గానీ లింఫ్ గ్రంథుల్లోకి పోలేదు. రెండో స్టేజ్, అందులోనూ మొదటి మెట్టు. మా మరదలు మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి టికెట్లు చూడడం మొదలుపెట్టింది.

కీమో కావాలా వద్దా అని కనుక్కోవడానికి హైదరాబాద్ వెళ్తే, అక్కడి క్యాన్సర్ డాక్టర్ ముందు బ్లాకులు (పేగు ముక్కల్ని మైనంలో పోసి ఉంచినవి), వాటి నుంచి కోసిన స్లైడ్లు తెమ్మన్నారు. అది మే నెల. ల్యాబ్ అబ్బాయి బ్లాకుల పెట్టె ఇస్తూ, "మైనం మేడమ్, ఎండలో పెట్టకండి" అన్నాడు. ఐదు గంటల బస్సు ప్రయాణం మొత్తం ఆ పెట్టెను చీర కొంగు కింద పెట్టుకుని కూర్చున్నాను. పది రోజులకు రెండో రిపోర్ట్ ఇచ్చారు. టీ4ఏ, ఎన్1సీ. గడ్డ పేగు పైపొరను చీల్చుకుని పైకి వచ్చింది. కొవ్వులో, ఏ లింఫ్ గ్రంథికీ సంబంధం లేకుండా విడిగా ఒక క్యాన్సర్ ముద్ద ఉంది. పేగు గోడ బయట ఒక సిరలో క్యాన్సర్ కణాలున్నాయి. మూడో స్టేజ్. ఆరు నెలల కీమో.

మనిషి అదే, గడ్డ అదే, మైనపు బ్లాకులూ అవే. మొదటి ల్యాబ్ మీద కేసు వేద్దామని మా మేనల్లుడు పట్టుబట్టాడు. నేనే ఆపాను. దానికి కారణం నా సర్వీసులోనే ఉంది.

టెన్త్ స్పాట్ వాల్యుయేషన్‌కి నేను చాలా ఏళ్ళు వెళ్ళాను. ఆన్సర్ షీట్ మీద పేరుండదు, ఊరుండదు. ఒకే పటానికి నేను మూడు మార్కులు వేస్తే పక్క బెంచీలో ఉన్న మాస్టారు రెండు వేసేవారు. ఇద్దరికీ సబ్జెక్ట్ వచ్చు, ఇద్దరం నిజాయితీగానే దిద్దుతున్నాం. ఆయన పిత్తాశయం ఎక్కడ గీశారో చూస్తారు, నేను భాగాల పేర్లు గుర్తించారా లేదా చూస్తాను. ఈ తేడా ఉంటుందని ఒప్పుకున్నారు కాబట్టే ప్రభుత్వం మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ వాల్యుయేషన్' చదివిస్తుంది. దేనికి అర మార్కు, దేనికి సున్నా అన్నది అందులో ఉంటుంది. ఆ తర్వాత కూడా చీఫ్ ఎగ్జామినర్ మేం దిద్దిన కట్టల్లోంచి కొన్ని తీసి మళ్ళీ చూస్తారు. అలా చూసినందుకు ఏ టీచరూ అవమానపడలేదు. పదిహేనేళ్ళ పిల్లవాడి ఒక్క మార్కు కోసం ఇంత చేస్తున్నాం. మరి మా తమ్ముడి స్టేజ్ కోసం ఎవరు ఏం చేశారు?

నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇప్పుడు పాథాలజీలో ఎండీ చేస్తోంది. ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోప్ ముందు నన్ను కూర్చోబెట్టి తమ్ముడి స్లైడ్లు చూపించింది. గులాబీ, ఊదా రంగుల్లో ఎంత అందంగా ఉందో, అది ఏమిటో తెలిశాక అంత భయం వేసింది. గడ్డ అంచు పేగు పైపొర దాకా వచ్చిన చోట ఆపి ఇలా చెప్పింది: "టీచర్, ఇక్కడ చూడండి. పొర మీద వాపు ఉంది, కొత్త రక్తనాళాలు పుట్టాయి, క్యాన్సర్ కణాలు పొరకి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. నేనైతే టీ3 అంటాను. మా మేడమ్ టీ4ఏ అంటారు. ఇంకో బ్లాకు కోసి చూస్తే పొర పైనే కనిపించవచ్చు. నిజంగా కష్టమైన చోటు ఇది."

ఆ అమ్మాయి ఇచ్చినవి, చెప్పినవి చదువుకుంటూ పోతే, మీ రంగంలో ఈ విషయం తెలియని వాళ్ళు లేరని అర్థమైంది. తెలియనిది మాకే. రోగులు, ఇంట్లో వాళ్ళు, చాలామంది సర్జన్లు కూడా రిపోర్ట్‌ని రక్తంలో షుగర్ లెక్కలాగా చదువుతారు. యంత్రం ఇచ్చిన అంకె అనుకుంటారు. అది ఒక మనిషి కన్ను, ఒక మనిషి నిర్ణయం అని మాకు ఎవరూ చెప్పలేదు.

ఎన్1సీ సంగతే చూడండి. కొవ్వులో విడిగా దొరికే క్యాన్సర్ ముద్దను ఏమనాలి? క్యాన్సర్ పూర్తిగా తినేసిన లింఫ్ గ్రంథి అనాలా, విడి ముద్ద అనాలా? క్యాన్సర్ స్టేజ్ ఎలా నిర్ణయించాలో చెప్పే పుస్తకం టీఎన్ఎం. 1997లో వచ్చిన దాని ఐదో ఎడిషన్ సైజు చూడమంది: మూడు మిల్లీమీటర్లు దాటితే గ్రంథి కింద లెక్క. 2002లో ఆరో ఎడిషన్ ఆకారం చూడమంది: అంచు నున్నగా గుండ్రంగా ఉంటే గ్రంథి. ఏడో ఎడిషన్ దాన్ని పాథాలజిస్టు విచక్షణకు వదిలి, గ్రంథుల్లో క్యాన్సర్ లేకుండా ముద్దలు మాత్రమే ఉన్నవాళ్ళ కోసం ఎన్1సీ అనే కొత్త గడి పెట్టింది. ఒకే ముద్దకు మూడు పుస్తకాల్లో మూడు కొలతలు. బ్రిటన్ పాథాలజిస్టులు చాలా ఏళ్ళపాటు ఐదో ఎడిషన్‌నే పట్టుకుని కూర్చున్నారు. కొత్త నియమాలతో చూస్తే ఒకరి మాట ఇంకొకరితో కలవదన్నది వాళ్ళ అభ్యంతరం. మూడు మిల్లీమీటర్ల లెక్క ఎంత మొరటుదైనా, స్కేలు పెట్టి కొలిస్తే ఇద్దరికీ ఒకటే వస్తుంది కదా. ఆ వాదన చదివినప్పుడు నాకు స్పాట్ వాల్యుయేషన్ హాలే గుర్తొచ్చింది.

సిరలోకి క్యాన్సర్ వెళ్ళడం మరో ఉదాహరణ. మొదటి రిపోర్ట్‌లో దాని గురించి ఒక్క ముక్క కూడా లేదు. 'కనిపించలేదు' అని కూడా లేదు. రెండో ల్యాబ్ వాళ్ళు బ్లాకుల్ని మళ్ళీ కోసి, సిర గోడలోని సాగే పోగులకు రంగు పట్టే ఇలాస్టిక్ స్టెయిన్ వేశారు. క్యాన్సర్ నిండిపోయిన సిర మామూలు స్టెయిన్‌లో గుండ్రటి ముద్దలాగే ఉంటుంది. పక్కనే తోడుగా సిర లేకుండా ధమని ఒంటరిగా కనిపిస్తే అనుమానపడాలట. ఇలాస్టిక్ స్టెయిన్ వేయగానే ఆ ముద్ద చుట్టూ నల్లటి గీత తేలింది. నా కళ్ళతో నేనే చూశాను. ఆ గీత చూశాక ఎవరూ వాదించలేరు. దాన్ని బట్టి నాకొకటి అర్థమైంది: కొన్ని తేడాలు కళ్ళవి కావు, వేయని స్టెయిన్‌వి, తీయని బ్లాకువి. వాటిని తగ్గించడం మీ చేతిలో పని.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ ఈ విషయంలో ఒక మంచి పద్ధతి పెట్టింది. పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ల రిపోర్టుల్లో సగటున కనీసం 12 లింఫ్ గ్రంథులు దొరకాలి, పైపొరను చీల్చుకుని వచ్చినవి కనీసం 20 శాతం ఉండాలి, పేగు బయటి సిరల్లో క్యాన్సర్ కనీసం 30 శాతం కేసుల్లో కనిపించాలి. ఒక డిపార్ట్‌మెంట్ ఏడాది రిపోర్టులు తీసి లెక్కేస్తే సిరల్లో క్యాన్సర్ 8 శాతమే వచ్చిందనుకోండి, అక్కడి రోగులు అదృష్టవంతులని ఎవరూ అనుకోరు. చూడడం సరిపోవడం లేదనే అనుమానిస్తారు. ఏ ఒక్క రిపోర్ట్‌నీ తప్పు పట్టక్కర్లేదు. సొంత రిపోర్టులే తీసి లెక్కపెట్టుకోవాలి. మన దగ్గర ఏ ల్యాబ్ అయినా ఒక ఆదివారం కూర్చుని చేయగలిగిన పని ఇది.

గడ్డ అంచున చిన్న చిన్న గుంపులుగా విడిపోయే కణాలు, మీరు ట్యూమర్ బడ్డింగ్ అనేవి, వాటి కథ నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది. ఏళ్ళ తరబడి ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కపెట్టారు. 2016లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పలు దేశాల పాథాలజిస్టులు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక్క కణం గానీ, నాలుగు కణాల వరకు గుంపు గానీ అయితేనే బడ్. ఐదైతే కాదు. మామూలు హెచ్ అండ్ ఈ స్టెయిన్ మీదే చూడాలి. గడ్డ ముందంచున బడ్స్ ఎక్కువగా ఉన్న చోటు వెతికి, 0.785 చదరపు మిల్లీమీటర్ల మేరలో లెక్కపెట్టాలి. 4 వరకు తక్కువ, 5 నుంచి 9 మధ్యస్థం, 10 గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కువ. మైక్రోస్కోప్ ఐపీస్‌ని బట్టి కనిపించే మేర మారుతుంది కాబట్టి, దేన్ని ఎంతతో భాగించాలో పట్టిక కూడా ఇచ్చారు. మన ప్రిన్సిపుల్స్ ఆఫ్ వాల్యుయేషన్ లాంటిదే ఇదీ. అయినా తేడా పూర్తిగా పోలేదని నా విద్యార్థిని చెప్పింది, ఎందుకంటే ఎక్కువగా ఉన్న చోటు ఏదన్నది మళ్ళీ కన్నే ఎంచుకోవాలి. గ్రేడ్ విషయంలో, అంటే క్యాన్సర్ కణాలు మామూలు కణాలకంటే ఎంత మారిపోయాయన్న లెక్కలో కూడా ఇదే దారి పట్టారు. మూడు మెట్లుంటే మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఊగుతున్నారని, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం లో గ్రేడ్, హై గ్రేడ్ అని రెండే మెట్లు చాలంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. టీచర్ని కదా, లెక్క చూపించకుండా ముందుకు పోలేను. ఇద్దరు పాథాలజిస్టులు 100 మంది రోగుల స్లైడ్లు చూశారనుకుందాం. సిరలో క్యాన్సర్ ఉందా లేదా అన్నదే ప్రశ్న. 80 కేసుల్లో ఇద్దరి మాటా కలిసింది. 80 శాతం అంటే ఫస్ట్ క్లాస్ కదా అనిపిస్తుంది. కానీ ఇద్దరికీ నూటికి 80 సార్లు 'లేదు', 20 సార్లు 'ఉంది' అనే అలవాటుంటే, స్లైడ్ చూడకుండా చీటీలు తీసినా 68 సార్లు కలుస్తుంది. 'లేదు'లు కలిసేవి 64, 'ఉంది'లు కలిసేవి 4. అంటే నిజంగా చూసి సాధించింది మిగతా 32లో 12 మాత్రమే. ఈ లెక్కకు 1960లో కోహెన్ అనే సైకాలజిస్టు కప్పా అని పేరు పెట్టాడు. చీటీలు తీసినంత మాత్రమే కలిస్తే సున్నా, అంతా కలిస్తే ఒకటి. మన ఉదాహరణలో అది 0.4 కూడా దాటదు. మీ రంగంలో ఇలాంటి పరిశీలన ఏది చదివినా ఈ కప్పానే కనిపిస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో టీ3, టీ4ఏ మధ్య కప్పా ఎంతో తెలుసుకునే హక్కు మాకు లేదా?

ఇదంతా పుస్తకాల గొడవ అనుకోకండి. 2018లో ఐడియా పేరుతో ఆరు ట్రయల్స్‌ని కలిపి, పన్నెండు వేలకు పైగా మూడో స్టేజ్ పెద్దపేగు క్యాన్సర్ రోగుల వివరాలు ప్రచురించారు. దాని తర్వాత, టీ3 వరకే ఉండి ఎన్1 ఉన్నవాళ్ళకు కేపాక్స్ కీమో మూడు నెలలు సరిపోతుందన్న అభిప్రాయం బలపడింది. టీ4 అయితే ఆరు నెలలు. అంటే నా విద్యార్థిని వెంట్రుకవాసి అన్న ఆ దూరం విలువ మూడు నెలల కీమో. కీమో మందు ఆక్సాలిప్లాటిన్ ఆరు నెలలు తీసుకున్న మా తమ్ముడు ఇప్పటికీ చొక్కా గుండీ పెట్టుకోలేడు, వేళ్ళకు స్పర్శ తెలియదు. చన్నీళ్ళు ముట్టుకుంటే అప్పట్లో షాక్ కొట్టినట్టు ఉండేది. అందుకే ఎక్కువ చెప్పే రిపోర్టే మంచిదని నేను అనను. లేనిది ఉందన్నా ఒక మనిషి వేళ్ళు పోతాయి, ఉన్నది లేదన్నా ఒక మనిషి పోతాడు.

మీ కష్టం నాకు తెలియదని అనుకోవద్దు. ఒక్కరే రోజంతా ఎన్ని బయాప్సీలు చూస్తారో ఆ అమ్మాయి పక్కన కూర్చుని చూశాను. పేగు మొత్తాన్ని ముక్కలు కోసే గ్రాసింగ్ బల్ల మీద పెట్టి, కొవ్వును వేళ్ళతో నలిపి నలిపి బియ్యపు గింజంత గ్రంథులు వెతకడానికి ఎంత ఓపిక కావాలో కూడా చూశాను. మా మొదటి రిపోర్ట్‌లో దొరికిన గ్రంథులు తొమ్మిదే. పన్నెండు రాకపోతే మళ్ళీ వెతకాలి. కానీ ఆ డబ్బా మా చేతికి వచ్చినప్పుడే చిన్నది, పేగు మడతపడి ఇరుక్కుని ఉంది, ఫార్మలిన్ పైపైనే ఉంది. లోపలి దాకా ఫార్మలిన్ అందని పేగు మెత్తబడుతుంది, పాడవుతుంది. ఆ తర్వాత ఎంత మంచి కన్ను చూసినా ఏం లాభం? ఆ తప్పు ల్యాబ్‌ది కాదు. సర్జన్లు కూడా ఈ ఉత్తరం చదివితే, ముక్కకు పది రెట్లయినా ఫార్మలిన్ పట్టే డబ్బాలో వేసి, రోగి బంధువుల చేతికి కాకుండా మీ మనిషితో పంపండి. ఆటోలో నా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళినదాన్ని బట్టి మా తమ్ముడి ప్రాణం లెక్క కడతారని నాకు ఆ రోజు తెలియదు.

ఇక నేను అడిగేది.

రిపోర్ట్‌కి ఒకే ఫారం వాడండి. ఇంటర్నేషనల్ కొలాబొరేషన్ ఆన్ క్యాన్సర్ రిపోర్టింగ్ వాళ్ళు పెద్దపేగు క్యాన్సర్‌కి తయారుచేసిన ఫారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అమెరికా పాథాలజిస్టుల కాలేజ్ ఫారం కూడా మీలో చాలామందికి అలవాటే. గడులుంటే ఏదీ జారిపోదు. 'కనిపించలేదు' అన్న మాటకూ అసలు ఏమీ రాయకపోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో మాలాంటి వాళ్ళకు తెలుసు. ఇలాస్టిక్ స్టెయిన్ వేశారా లేదా, పైపొర దగ్గర ఎన్ని బ్లాకులు తీశారు, ఏ ఎడిషన్ టీఎన్ఎం వాడారు అన్నవి కూడా రాయండి. ఆరోగ్యశ్రీ ట్రస్టు, ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు క్యాన్సర్ ఆపరేషన్ల ఫైళ్ళలో ఈ ఫారమే ఉండాలని అడగాలి, దానికి తగ్గ ఖర్చూ ఇవ్వాలి. స్టెయిన్ ఊరికే రాదు.

కానీ ఫారం ఒక్కటే సరిపోదు. ప్రశ్నపత్రం ఒకటే అయినంత మాత్రాన మార్కులు ఒకటి కావు. నాకు ముఖ్యమైనది రెండోది: ఏడాదికి ఒకసారి ఇరవై కేసుల స్లైడ్లు రెండు రాష్ట్రాల్లో తిప్పండి. పేరుండదు, ఊరుండదు. ప్రతి ఒక్కరూ విడిగా చూసి టీ ఎంతో, విడి ముద్దా గ్రంథా, సిరలో ఉందా లేదా, బడ్స్ ఎన్నో రాసి పంపాలి. తర్వాత ఒక రోజు అందరూ కూర్చుని ఎక్కడ విడిపోయారో ఆ స్లైడ్ తెర మీద పెట్టి మాట్లాడుకోండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. విశాఖలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2012 నుంచి దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఉంది. వీటిలో ఎవరో ఒకరు ముందుకు వస్తే చాలు. జిల్లా పట్నాల్లో ఒంటరిగా రిపోర్టులు రాసే వాళ్ళకు మొదటి పిలుపు వెళ్ళాలి, ఎందుకంటే అనుమానం వస్తే పక్క గదిలోకి స్లైడ్ పట్టుకెళ్ళి అడగడానికి వాళ్ళకు ఎవరూ లేరు. ఎవరి పేరూ బయటపెట్టక్కర్లేదు. మొత్తం కప్పా ఎంత, పోయినేటికంటే పెరిగిందా అన్నది మాత్రం మాకు చెప్పండి.

అనుమానం ఉన్న చోట అనుమానం ఉందని రిపోర్ట్‌లోనే రాయండి. 'టీ3 అనుకుంటున్నాను, పైపొరకు చాలా దగ్గరగా ఉంది, ఇంకొకరు చూస్తే మంచిది' అనే ఒక్క వాక్యం మొదటి రిపోర్ట్‌లో ఉండి ఉంటే మేం ఆ వారమే బ్లాకులు పట్టుకుని బయలుదేరేవాళ్ళం. ఆపరేషన్ అయిన ఎనిమిది వారాల్లోపు కీమో మొదలుపెడితే మంచిదంటారు. మాకు రెండో రిపోర్ట్ చేతికి వచ్చేసరికి ఏడో వారం గడుస్తోంది. ఆ టెన్షన్ ఇంకో ఇంటికి రాకూడదు. అలా రాసిన డాక్టర్ మీద మాకు నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు.

మా తమ్ముడు ఇప్పుడు మూడు నెలలకొకసారి, క్యాన్సర్ తిరిగి వచ్చిందేమో చూసే సీఈఏ రక్తపరీక్షకు వెళ్తున్నాడు, పొలం పనులూ చూసుకుంటున్నాడు. స్లైడ్లు, బ్లాకులు మా ఇంట్లో ఉన్నాయి. ఎండ తగలని బీరువాలో, అడుగు అరలో పెట్టాను. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. మీరు స్లైడ్లు తిప్పడం మొదలుపెడితే, ఆ ఇరవైలో మొదటిదిగా తనవి తీసుకోవచ్చని చెప్పమన్నాడు. ఒప్పంద పత్రం మీద సంతకం పెడతాడట. పెన్ను పట్టుకోవడం కాస్త కష్టం, అయినా పెడతానన్నాడు.

నమస్కారాలతో,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్